ముందుగదిలో అడిగిన ప్రశ్నలు

మా చెల్లెలు విమల కళ్ళ పరీక్షకని ములుగు నుంచి వచ్చి మా ఇంట్లో దిగిందో లేదో, మా అపార్ట్‌మెంటులో అందరికీ చుట్టమైపోయింది. నేను హన్మకొండలో ఈ ఇంటికి వచ్చి చాలా ఏళ్ళయింది. వాచ్‌మన్ భార్య ఇప్పటికీ నన్ను చూస్తే కొంగు సర్దుకుని పక్కకు జరుగుతుంది. విమలతో మాత్రం మెట్ల మీద కూర్చుని చింతకాయ తొక్కు సంగతులు మాట్లాడుతుంది. ఎదురింటి కోడలు నా దగ్గర "నమస్తే మేడం"తో ఆగిపోతుంది, విమలను అత్తమ్మా అని పిలుస్తుంది. రిటైరైన టీచరమ్మకు అంత నవ్వు ఎక్కణ్ణుంచి వస్తుందో, మోకాళ్ళు అంత చక్కగా ఎట్లా వంగుతాయో, నాకంటే రెండేళ్ళే చిన్నదైనా జుట్టు అంత నల్లగా ఎట్లా ఉందో నాకు అర్థం కాదు. రంగు వేస్తుందేమోనని దిండు మీద మరక కోసం చూశాను. మరక లేదు. ఈ వయసులో ఇదేం బుద్ధి అని ఎవరైనా అడిగితే, వయసుకూ దీనికీ సంబంధం లేదంటాను. చెల్లెలి మీద నా కుళ్ళు పాలపళ్ళ నాటిది. ఆ పళ్ళు ఊడి కొత్తవి వచ్చాయి, అవీ కొన్ని ఊడాయి, ఇది మాత్రం కదల్లేదు.

ఆ శనివారం పొద్దున నాలుగో అంతస్తు శ్రావ్య వచ్చింది. ఇంట్లో కూర్చునే కంప్యూటర్ ఉద్యోగం చేసుకునే పిల్ల, అపార్ట్‌మెంటులో ఎవరింట్లో ఏ పండగైనా ముందుండి నడిపిస్తుంది. సాయంత్రం కింద హాల్లో అందరూ కలిసి క్విజ్ ఆడుతున్నామని, జనరల్ నాలెడ్జ్ ప్రశ్నలు తానే తయారు చేశానని చెప్పింది.

"జంటలు జంటలుగ ఆడుడు మేడం. మీరు పుస్తకాలు రాసేటోల్లు, మీరే రాకుంటె ఎట్ల? మీరూ విమలత్తమ్మా ఒక జంట."

"నాకు మోకాళ్ళ నొప్పులమ్మా," అన్నాను.

"కూసోనే ఆడుడు గద మేడం."

విమల వంటింట్లోంచి, "వస్తది బిడ్డా, నేను తోలుకొస్తా. జర ముందట కుర్చీలు ఆపు మాకు," అంది. నా తరఫున జవాబు కూడా అదే చెప్పింది. శ్రావ్య నా వైపు చూడకుండా వంటింటి వైపు నవ్వి వెళ్ళిపోయింది.

క్విజ్ అనే మాట ఎప్పుడు విన్నా నాకు బొగ్గు పొగ వాసన వస్తుంది. మేం పెరిగింది కాజీపేటలో, రైల్వే క్వార్టర్లో. ఒక ముందుగది, ఒక వంటగది, రెంటికీ మధ్య తలుపు లేదు. అమ్మ పాత చీర చింపి కుట్టిన పరదా ఉండేది. నాయిన లోకోషెడ్డులో ఫిట్టరు. డ్యూటీ దిగి రాగానే వాకిట్లో రాయి మీద కూర్చుని, ముందు కిరసనాయిలు గుడ్డతో, తర్వాత పిండేసిన చింతపండుతో, చివరికి బట్టల సబ్బుతో చేతులు తోముకునేవాడు. అంత తోమినా గోళ్ళ కింద నలుపు పోయేది కాదు. ఆ చేతులతో బైబిలు ముట్టనని ఆయనకొక పట్టింపు. కుటుంబ ప్రార్థనలో పుస్తకం మా ముందు తెరిచి పెట్టించి, తాను చేతులు వెనక్కి కట్టుకుని వినేవాడు. ఆ చేతులు కడుక్కున్న నీళ్ళ వాసన మా వాకిట్లో రాత్రింబవళ్ళూ ఉండేది. వాన పడ్డప్పుడు ఇంకా ఎక్కువయ్యేది. మా వీధిలో ప్రతి వాకిలీ అట్లాగే ఉండేది కనక, ఇళ్ళంటే అట్లా వాసన వస్తాయనే అనుకున్నాను.

నాయిన చదువు ఏడో తరగతిలో ఆగిపోయింది. ఆగిపోయిందనే మాట ఆయన ఎన్నడూ అనలేదు, ఆపిన్రు అనేవాడు. రైలు పెట్టెలు కడిగే స్నేహితుడొకడు సీట్ల కింద దొరికిన పేపర్లు, వారపత్రికలు మడిచి తెచ్చి ఇచ్చేవాడు. ఏ ఊళ్ళో ఎక్కిన ప్రయాణికులు వదిలేసినవో, ఎన్ని రోజుల కిందటివో తెలియదు. పూరీ నూనె మరకలు, పాల చారలు, సగం చిరిగిన పేజీలు. నాయిన వాటిని మంచం మీద పరిచి, పెదాలు కదిలిస్తూ చదివి, నచ్చిన సంగతులు తలలో దాచుకునేవాడు. ఎత్తైన కొండ ఏది, లోతైన సముద్రం ఏది, ఏ దేశానికి రాజున్నాడు, ఏ దేశానికి లేడు. లోకం అంతా ఆయనకు ప్రశ్నలుగానే కనిపించేది. జవాబు తెలిసిన మనిషిని ఎవరూ పక్కకు నెట్టలేరని ఆయన నమ్మకం. షెడ్డులో ఎవరో ఆఫీసరు ఆయన్ని ఏదో అడిగితే జవాబు రాక నిలబడ్డ రోజు ఒకటి ఉండి ఉంటుంది. ఆ సంగతి మాకు చెప్పలేదు.

మా ఇంట్లో ప్రశ్నల వేళకు గడియారం అక్కర్లేదు. సాయంత్రం ఎసట్లో బియ్యం పడ్డప్పటి నుంచి గంజి వంచేదాకా, అంటే అన్నం ఉడికేంత సేపు, నాయిన ముందుగదిలో గోడకు ఆనుకుని కూర్చుని ప్రశ్నలు అడిగేవాడు. తప్పు లేకుండా వరుసగా చెప్పుకుంటూ పోతే కాసేపటికే "ఇగ చాలు, పో బిడ్డా" అని వదిలేసేవాడు. ఒక్కటి తప్పితే మళ్ళీ మొదట్నుంచి. ఆయన ముందు కూర్చునేది విమల. అన్నం వండేది నేను. అమ్మకు ఆయాసం, బొగ్గు పొగ పడేది కాదు. నాకు విసనకర్ర పట్టుకోవడం చేతనైన నాటి నుంచి ఆ బొగ్గుల పొయ్యి నాదైంది. అమ్మ పొగకు దూరంగా గోడవార పీట వేసుకుని, ఉల్లిగడ్డలు తరుగుతూ, నాతో ఏవో మాట్లాడుతూ ఉండేది. నేను పొయ్యి విసురుతూ, చెవులు పరదా మీద పెట్టేదాన్ని.

"సూర్యుని సుట్టు ఎన్ని గ్రహాలు తిరుగుతయ్?"

"తొమ్మిది."

"మన దేశంల అన్నిటికన్న ఎత్తుమీదికెల్లి దుంకే నీళ్ళు?"

"జోగ్ జలపాతం."

"ప్రపంచం మొత్తంల అన్నిటికన్న పొడుగు రైలు ప్లాట్‌ఫారం?"

"ఖరగ్‌పూర్."

ఈ చివరిది నాయినకు ప్రాణం. రైల్వే మనిషి కదా. అది అడిగేటప్పుడు గొంతు కాస్త పెంచేవాడు, జవాబు రాగానే తొడ మీద ఒక్కటి చరుచుకునేవాడు. ఆ చప్పుడు కోసం నేను చచ్చిపోయేదాన్ని. ఆ జవాబులన్నీ నాకు వచ్చు. విమల కంటే ముందే నా పెదాల మీదికి వచ్చేవి. నోటి నిండా జవాబు పెట్టుకుని మింగడం ఎట్లా ఉంటుందో అది అనుభవించిన వాళ్ళకే తెలుస్తుంది. ఒకరోజు విమల ఏదో దేశం రాజధాని చెప్పలేక నసుగుతుంటే నేను పరదా ఇవతల నుంచి గట్టిగా చెప్పేశాను. నాయిన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. ఎంతో నెమ్మదిగా, "నిన్నడగలే బిడ్డా. నువ్వు అన్నం సూడు," అన్నాడు. అన్నం నిజంగానే అడుగంటింది. అమ్మ కిందిది గీకి పక్కన పెట్టి, పైది వడ్డించింది. నా కంట్లో నీళ్ళను పొగ అనుకుంది.

ఎందుకు దాన్నే కూర్చోబెట్టాడని చాలా ఏళ్ళు ఆలోచించాను. అది తెల్లగా ఉంటుందనా, గొంతు బాగుంటుందనా, పుట్టినప్పుడు బతకదన్నారు కాబట్టి ముద్దనా. ఏమీ లేదనుకుంటాను. పొయ్యి దగ్గర ఒకరు ఉండాలి, నేను పెద్దదాన్ని. అంతే. ఇంత చిన్న కారణానికి ఇంత పెద్ద కడుపుమంట ఏమిటని మీకు అనిపించవచ్చు. పెద్ద కారణమే ఉంటే ఎవరినో ఒకరిని తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఆదివారం చర్చి నుంచి రాగానే మటన్ కూర. కారం నూరేదీ, పొయ్యి మీద తిప్పేదీ నేను. ఆ వారమంతా తప్పు చెప్పని పిల్లకని నాయిన నల్లి బొక్క ఏరి విమల కంచంలో వేసేవాడు. అది బొక్కను కంచానికి టకటకా కొట్టి, లోపలి మూలుగు జుర్రుమని పీల్చేది. నేను వండిన కూరలోది, నా కళ్ళ ముందు. సోమవారం పొద్దున బడికి దాని జడ వేసేటప్పుడు నేను ఎంత గట్టిగా లాగేదాన్నో దాని నెత్తికే తెలుసు. అందుకు నాకు ఇప్పటికీ బాధ లేదు.

ఏటా ఒకసారి రైల్వే వాళ్ళ క్లబ్బు హాల్లో ఉద్యోగుల పిల్లలకు క్విజ్ పోటీ పెట్టేవాళ్ళు. ఒక్కో ఇంటి నుంచి ఒక్కరే. ఎవరు వెళ్తారన్న మాటే మా ఇంట్లో రాలేదు. నా గులాబీ రంగు గౌనుకు నడుము దగ్గర కుట్లు వేసి దానికి సరిపెట్టారు. చెంబులో నిప్పులు పోసి ఆ గౌను ఇస్త్రీ చేసింది నేనే. అమ్మకు ఆ సాయంత్రం ఆయాసం ఎక్కువై, నేను ఇంట్లోనే ఉన్నాను. గెలిచిందని ఎవరూ వచ్చి చెప్పనక్కర్లేకపోయింది. నాయిన వీధి మొదట్లో నుంచే కీర్తన పాడుకుంటూ వచ్చాడు. దాని చేతిలో మూత మీద రైల్వే ముద్ర ఉన్న స్టీలు టిఫిను డబ్బా. చుట్టుపక్కల ఆడవాళ్ళంతా వచ్చి ఆ డబ్బా మూత తీసి చూశారు, లోపల ఏమీ లేకపోయినా. "పెద్దదేం జేత్తాంది?" అని ఒకామె అడిగితే, నాయిన "పెద్దది అమ్మకు చెయ్యాసర," అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు.

తర్వాత నేనూ చదువుకున్నాను, ఉద్యోగం చేశాను, పుస్తకాలు రాశాను. మొదటి పుస్తకం అచ్చయి వచ్చిన రోజు దాన్ని తీసుకెళ్ళి నాయిన చేతిలో పెట్టాను. అప్పటికి రిటైరై గోళ్ళ నలుపు పూర్తిగా పోయింది. అట్ట మీద నా పేరును వేలితో తడిమాడు. చాలాసేపు తడిమాడు. చివరికి తలెత్తి, "విమల సూసిందా?" అని అడిగాడు. ఆ తర్వాత ఎన్ని పుస్తకాలు వచ్చినా ఆ మాటే ముందు వినిపిస్తుంది. ఆయన పోయినప్పుడు అందరి కంటే ఎక్కువ ఏడ్చింది నేను. ఆ ముందుగది ప్రశ్నల్లో ఒక్కటి కూడా నన్ను అడగకుండా పోయాడని ఏడ్చాను.

కనక ఆ శనివారం నేను కింది హాల్లోకి దిగింది సరదాకి కాదు. ఒక్క ప్రశ్నకు, ఒక్కటంటే ఒక్కదానికి, విమల నోరు తెరవకముందు నేను జవాబు చెప్పాలి. ఒప్పని ఎవరో అనాలి. మనవల వయసు పిల్ల అన్నా సరే. హాల్లో మిర్చి బజ్జీల వాసన, గోడ మీద తెర, తెర మీద రంగురంగుల అక్షరాలు. గూగుల్లో వెతక్కుండా అందరి ఫోన్లూ ఒక ప్లాస్టిక్ టబ్బులో వేయించారు. ఫోను పోయిన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కుర్రవాళ్ళు అవస్థ పడుతున్నారు. ఒక్కో జంటకూ ఒక స్టీలు పళ్ళెం, ఒక గరిటె. జవాబు తెలిసినవాళ్ళు ముందు పళ్ళెం మోగించాలి, మోగించినవాళ్ళే చెప్పాలి, పక్కవాళ్ళను అడగకూడదు, మొదట అన్న మాటే లెక్క. గరిటె నేను తీసుకున్నాను.

ప్రశ్నలు నాకు అందలేదు. సినిమాలు, క్రికెట్టు, ఏవో కంపెనీల బొమ్మ గుర్తులు. గ్రహాలెన్ని అన్నప్పుడు నా చెయ్యి లేవబోయే లోపలే ఎదురింటి కోడలు పళ్ళెం కొట్టి ఎనిమిది అంది. శ్రావ్య ఒప్పంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను విమల వైపు చూశాను. అది కూడా మామూలుగా చప్పట్లు కొడుతోంది. మధ్యలో రెండు మూడు సార్లు అది నా చేతిలో గరిటె లాక్కుని మోగించి సరిగ్గానే చెప్పింది, దాని వల్లనే మా జంట వెనకబడలేదు. చివరి ప్రశ్న దగ్గరికొచ్చేసరికి మేమూ ఇంకో జంటా సమానంగా ఉన్నాం. శ్రావ్య తెర మీద బొమ్మ మార్చింది. పట్టాలు, దూరంగా సిగ్నలు. "ప్రపంచంలో అన్నిటికన్నా పొడవైన రైల్వే ప్లాట్‌ఫాం ఏ స్టేషన్‌లో ఉంది?"

నేను పళ్ళెం కొట్టిన దెబ్బకు గరిటె వంగింది. "ఖరగ్‌పూర్," అన్నాను. అంత గట్టిగా నేను ఏ సభలోనూ మాట్లాడలేదు. శ్రావ్య మొహం చూసి ఎక్కడో తేడా ఉందనిపించింది గానీ, నాకు సంతోషం ముందు వచ్చేసింది.

"సారీ మేడం," అంది ఆ పిల్ల. "హుబ్బళ్ళి. కర్ణాటకల. ఇంతకుముందు మీరు చెప్పిందే ఉండె కావచ్చు."

"మా నాయిన రైల్వేల చేసిండు," అన్నాను. ఎవరో కుర్రవాడు మర్యాదగా దగ్గాడు. అవతలి జంటకు బహుమతి ఇచ్చారు.

లిఫ్టు దగ్గర జనం ఎక్కువున్నారని మేమిద్దరం పార్కింగులో బెంచీ మీద కూర్చున్నాం. విమల కాగితం పళ్ళెంలో బజ్జీలు తెచ్చుకుంది. నాకు తినాలని లేదు. అప్పట్లో ఒక జవాబు వస్తే అది మనదే, చచ్చేదాకా ఉంటుందని మా నాయిన అనుకున్నాడు. ఇప్పుడు గ్రహం ఒకటి లెక్కలోంచి పోయింది, జోగ్ కంటే ఎత్తైనది ఇంకేదో ఉందట, ప్లాట్‌ఫారం ఊరు మారింది. ఆయన దాచిపెట్టినవన్నీ ఒక్కొక్కటిగా చెల్లకుండా పోతున్నాయి. నేను చెప్పే వంతు వచ్చేసరికి, అదీ పోయింది.

"హుబ్బళ్ళి అని నీకు ఎరుకేనా?" అని అడిగాను.

"ఎరుకేనక్కా. మొన్ననే ఎక్కడ్నో సదివిన."

"మరి ఖరగ్‌పూర్ అని చిన్నప్పుడు రోజూ చెప్తుంటివి గదనే నాయినకు."

విమల నా వైపు వింతగా చూసింది. "నాయిన అది అడిగెటోడా? నాకైతె యాదికి లేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. నేను యాభై ఏళ్ళు కుళ్ళుకున్న సంగతిని ఇది కనీసం గుర్తు కూడా పెట్టుకోలేదు. "రోజూ అడిగెటోడు. నువ్వు టకటక చెప్పేటిదానివి. తొడ సరుసుకునెటోడు," అన్నాను.

"అడుగుడు యాదికున్నది. ఏం అడిగిండో, నేనేం చెప్పిన్నో యాదికి లేదు." బజ్జీ తుంచబోయి ఆగింది. "నా పానమంత పరదా మీదనే ఉండె అక్కా. లోపట నువ్వూ అమ్మా ఒక్కతీర్గ మాట్లాడుకుంట నవ్వుతుంటిరి. నాకు ఏడుపొచ్చేది. గబగబ అన్ని కరెక్టు చెప్తె నాయిన పొమ్మంటడు గద, జల్ది లోపటికి రావచ్చని చెప్పేదాన్ని. ఎంత ఉరికినా నేనొచ్చేసరికి మీరు గంజి వంచుతుంటిరి. అమ్మ సప్పుడు జేయకపోతుండె. అమ్మ నాతోని ఎన్నడన్న అట్ల మాట్లాడిందా? తిన్నవా, సదివినవా, గంతే."

"నా మీద కుళ్ళుకున్నవా నువ్వు?"

"కుళ్ళుకోకపోతె? సచ్చేంత కుళ్ళుకున్న. ఇప్పటికి గూడ."

దాచడం ఎందుకు, నాకు పట్టలేనంత సంతోషం కలిగింది. ఇంకోసారి చెప్పించుకోవాలనిపించింది. నేను జుట్టు రంగు మరకల కోసం దిండ్లు వెతుకుతుంటే, ఇది ఇన్నేళ్ళూ నన్ను చూసి ఏడ్చింది. బెంచీ మీద సర్దుకుని కూర్చున్నాను. మోకాళ్ళ నొప్పి కూడా తగ్గినట్టనిపించింది.

"ఇప్పుడన్న చెప్పు," అంది విమల, నా దగ్గరికి జరిగి. "ఏం చెప్పేది నీకు అమ్మ? దేనికట్ల నవ్వేది?"

చెప్దామనే నోరు తెరిచాను. అమ్మ పీట గుర్తొచ్చింది. ఉల్లిపొట్టు గుర్తొచ్చింది. మాట మాటకూ మధ్య ఆయాసంతో ఆమె రొమ్ములో వచ్చే కూత గుర్తొచ్చింది. ఆమె నవ్వితే నేనూ నవ్వేదాన్ని, ఎందుకో వినకుండానే. ఆమె పెదాలు కదలడం ఇప్పటికీ కనిపిస్తోంది. ముందుగదిలో నాయిన అడిగిన ప్రశ్నలన్నీ వరసగా అప్పజెప్పగలను. ఆ పొయ్యి దగ్గర, నా పక్కనే కూర్చుని, రోజూ అన్నం ఉడికేంత సేపు అమ్మ నాకు చెప్పినవాటిలో ఒక్క మాట కూడా నా దగ్గర లేదు.

విమల బజ్జీ తినకుండా చేతిలో పట్టుకుని, నా మొహంలోకే చూస్తోంది.

"చెప్పక్కా," అంది.